బాబు పుర్రె ఆపరేషన్‌కి కంప్యూటర్ ప్లానింగ్ అంటున్నారు. అవసరమా, బిల్లు పెంచడానికా?

బుజ్జిగాడి_నాన్న
మా బాబుకి ఏడో నెల నడుస్తోంది. నుదుటి మధ్యలో నిలువుగా గట్టులా ఉంటుంది. పైనుంచి చూస్తే తల ముందుభాగం కోసుగా, త్రికోణంలా కనిపిస్తుంది. సీటీ తీశాక నుదుటి మధ్యలో రెండు ఎముకల మధ్య ఉండే అతుకు (మెటోపిక్ సూచర్) ముందే మూసుకుపోయిందని, దీన్ని ట్రైగనోసెఫలీ అంటారని చెప్పారు. నుదుటి ఎముక తీసి, సరిచేసి, మళ్లీ బిగించాలట. ఇంతవరకు ఇద్దరు సర్జన్లదీ ఒకే మాట.

తేడా అంతా తర్వాతే. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో "ముందు కంప్యూటర్‌లో ఆపరేషన్ చేసి చూసుకుంటాం, ఎక్కడ కోయాలో చూపించే గైడ్లు త్రీడీ ప్రింట్ చేయిస్తాం" అన్నారు. దానికి ప్యాకేజీ కాకుండా ఇంకో లక్ష పైనే. ఇంకోచోట బాగా అనుభవమున్న పెద్దాయన ఆ కంప్యూటర్ ప్లానింగ్ రంగుల బొమ్మలు చూసి నవ్వేశారు. "ఇవన్నీ నాకు అక్కర్లేదయ్యా, నా చెయ్యి చాలు" అన్నారు. అప్పు చేసైనా పెడతాం, అది సమస్య కాదు. పెట్టిన డబ్బు మా వాడి తలకి పనికొస్తుందా, ఆసుపత్రి బ్రోషర్‌కి పనికొస్తుందా అన్నదే తేలడం లేదు. ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

గోదారి_గట్టు
పెద్దాయన దగ్గరికే వెళ్లండి. స్క్రీన్ మీద రక్తం కారదు.

స్లైసర్_సుబ్బు
నాది మెడికల్ మోడలింగ్ ఉద్యోగం. డాక్టర్ని కాదు, పైగా ఈ పనితోనే నాకు జీతం వస్తుంది. ఆ సంగతి గుర్తుపెట్టుకుని చదవండి. "కంప్యూటర్ ప్లానింగ్" అనే పేరు కింద మూడు వేర్వేరు పనులు నడుస్తుంటాయి. మీకు వాటిలో ఏది చేస్తామన్నారో ముందు కనుక్కోవాలి.

మొదటిది సీటీని మోడల్‌గా మార్చడం. సీటీ పొరలు పొరలుగా తీసే బొమ్మల్లోంచి (స్లైసులు) ఎముకని మాత్రం విడదీసి త్రీడీ పుర్రె తయారుచేస్తాం. త్రీడీ స్లైసర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కూడా ఇది అయిపోతుంది. పసిపిల్లల ఎముక మరీ పల్చన. సాఫ్ట్‌వేర్ దాన్ని ఎముకగా గుర్తించకపోతే మోడల్‌లో లేని కంతలు వస్తాయి. అందుకే ఒక మనిషి కూర్చుని ఒక్కో స్లైసు చూసి దిద్దాలి.

రెండోది ఆ మోడల్ మీద కోతలు. కళ్ల పైన అడ్డంగా ఉండే ఎముక పట్టీని సర్జన్లు బ్యాండో అంటారు. దాన్నీ, దాని పైనున్న నుదుటి ఎముకనీ స్క్రీన్ మీద విడదీసి, తిప్పి, ముందుకు జరిపి చూస్తారు. ఆ వయసు పిల్లల సగటు పుర్రెతో పోల్చి ఎక్కడ ఎన్ని మిల్లీమీటర్లు తేడా ఉందో రంగుల్లో వేస్తారు. సర్జన్ సరే అన్నాక ఆ కోతలకి గైడ్లు, ఎముకని ఏ వంపుకి తేవాలో చూపే అచ్చు ప్రింట్ అవుతాయి. మీకు చెప్పింది ఇదే అయ్యుంటుంది.

మూడోది అసలు సిమ్యులేషన్. ఎముక మీద ఇంత బలం పడితే ఎంత వంగుతుంది, వారాల తరబడి ఎలా విచ్చుకుంటుంది అని భౌతిక శాస్త్రం లెక్కలతో చూడటం. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అంటాం. ఇది ఎక్కువగా పరిశోధన కేంద్రాల్లోనే ఉంది. ఎవరైనా "ఐదేళ్లకి మీవాడి మొహం ఇదిగో ఇలా ఉంటుంది" అని స్క్రీన్ చూపిస్తే మాత్రం లేచి వచ్చేయండి.

గోదారి_గట్టు
అయితే మీరు చెప్పే రెండోది గ్రాఫిక్స్ అన్నమాట. లక్ష రూపాయల గ్రాఫిక్స్.

స్లైసర్_సుబ్బు
గ్రాఫిక్స్ కాదండీ. ఆ గైడు ఆపరేషన్ థియేటర్‌లో నిజంగా ఎముక మీద కూర్చుంటుంది. సర్జన్ దాని గాడి వెంట గీత గీసుకుని కోస్తాడు. బల్ల మీద కొలిచి, వంచి, మళ్లీ కొలిచే సమయం మిగులుతుంది.

చిట్టితల్లి_అమ్మ
మా పాపది కరోనల్, అంటే తల మీద అడ్డంగా చెవుల వైపుకి దిగే అతుకు, ఒకవైపు మాత్రమే. ఒక కన్ను పైకి లాగినట్టు ఉండేది. అప్పట్లో మాకు కంప్యూటరూ లేదు, గింప్యూటరూ లేదు. న్యూరోసర్జన్, ప్లాస్టిక్ సర్జన్ కలిసి చేశారు. ఇప్పుడు బడికి వెళ్తోంది, జడలు వేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. దగ్గరగా చూస్తే కనుబొమల ఎత్తులో కొంచెం తేడా నాకు కనిపిస్తుంది. మోడల్ చేసుంటే అది కూడా పోయేదా అని ఒక్కోసారి అనిపిస్తుంది. సర్జన్‌ని అడిగితే "ఆ రోజు బల్ల మీద సరిగ్గానే ఉందమ్మా, తర్వాత పెరగడంలో వచ్చింది" అన్నారు. అది నిజమో సర్దిచెప్పడమో నాకైతే తెలియదు.

మత్తు_మాస్టారు
@చిట్టితల్లి_అమ్మ ఆయన చెప్పింది నిజమే అయ్యుండొచ్చమ్మా. అతుకు విడదీసినంత మాత్రాన ఆ ఎముక పెరుగుదల మామూలుగా మారిపోదు. అందుకే చాలామంది సర్జన్లు కావాలనే అవసరం కన్నా కాస్త ఎక్కువ ముందుకు జరిపి పెడతారు. తర్వాత పెరుగుదల వెనకబడినా సరిపోతుందని. ఎంత ఎక్కువ అన్నది కంప్యూటర్ చెప్పదు, సర్జన్ చెప్తాడు, కంప్యూటర్ గీస్తుంది.

అమృతాంజనం
మా అత్తగారు ఈ థ్రెడ్ చదివి (చదివించి) అంటున్నారు: "ఆవాల దిండు పెట్టి, నీళ్లు పోసేటప్పుడు రోజూ తల ఒత్తి ఉంటే ఇదంతా వచ్చేది కాదు." నేను టైప్ చేశాను, నా బాధ్యత తీరింది.

మత్తు_మాస్టారు
మీ అత్తగారికి నమస్కారం. ఒత్తొద్దని చెప్పండి.

రెండు విషయాలు కలిసిపోతున్నాయి. ఒకేవైపు పడుకోబెట్టడం వల్ల తల ఒకపక్క చప్పబడటం వేరు, అది చాలా మామూలు. అమెరికాలో 1994 నుంచి పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం చేశాక పసిపిల్లలు నిద్రలో హఠాత్తుగా చనిపోవడం తగ్గింది, చప్పబడ్డ తలలు పెరిగాయి. దానికి ఆపరేషన్ లేదు. తల తిప్పి పడుకోబెట్టడం, మెలకువగా ఉన్నప్పుడు దగ్గరుండి బోర్లా వేయడం, అంతే. అతుకు అతుక్కుపోవడం అలా కాదు. రెండు ఎముకలు కలిసి ఒకటైపోయాక ఏ దిండూ వాటిని విడదీయదు. సుమారు 2,000 నుంచి 2,500 మంది పిల్లల్లో ఒకరికి వస్తుంది. తల్లి ఏం తిన్నదీ, ఎలా పడుకోబెట్టిందీ అని ఇంట్లో పంచాయతీ పెట్టొద్దు.

అమృతాంజనం
పంచాయతీ ఆల్రెడీ అయిపోయింది సార్. మాడు ఇంకా మెత్తగానే ఉందిగా, అతుక్కుపోవడం ఏంటి అని ఇప్పుడు కొత్త పాయింట్ తీశారు.

మత్తు_మాస్టారు
మంచి పాయింటే. మాడు తెరిచి ఉన్నా మిగతా అతుకుల్లో ఒకటి మూసుకుపోయి ఉండొచ్చు. ఇది తెలియకే కొంతమంది "మాడు ఉందిగా, పర్లేదు" అని నెలలు గడిపేస్తారు.

ఇంకోటి బుజ్జిగాడి నాన్నకి. మెటోపిక్ అతుకు ఒక్కటే బిడ్డ మొదటి ఏడాదిలో సహజంగా మూసుకుపోతుంది. దానివల్ల నుదుటి మీద చిన్న గట్టు ఉండి, కళ్ల మధ్య దూరం, నుదుటి వెడల్పు మామూలుగా ఉంటే ఏమీ చేయక్కర్లేదు. మీకు ఇద్దరు సర్జన్లు ఒకే మాట చెప్పారు కాబట్టి మీ కేసు అది కాదనుకుంటాను. ఈ థ్రెడ్ చదివి పిల్లల నుదుళ్లు తడుముకుంటున్న వాళ్ల కోసం రాస్తున్నా.

వైజాగ్_వదిన
నేను తడుముకున్నాను 😅

లండన్_లక్ష్మి
మావాడిది సాజిటల్, అంటే నడినెత్తి మీద ముందు నుంచి వెనక్కి వెళ్లే అతుకు, తల పడవలా పొడుగ్గా ఉండేది. ఇక్కడ స్ప్రింగులు పెట్టారు. నడినెత్తి మీద సన్నటి కోతలు పెట్టి, రెండువైపులా స్టీలు తీగ స్ప్రింగులు బిగిస్తారు. అవి మెల్లగా విచ్చుకుంటూ తలని వెడల్పు చేస్తాయి. కొన్ని నెలల తర్వాత మళ్లీ మత్తు ఇచ్చి తీసేస్తారు. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్‌లో లారిట్జెన్ అనే సర్జన్ 1990ల చివర్లో మొదలుపెట్టిన పద్ధతట.

సుబ్బు గారు చెప్పిన మూడో రకం సిమ్యులేషన్ ఇక్కడే చూశాను. గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రి, యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్లు దీని మీద పరిశోధన చేశారు. అక్కడ స్ప్రింగులు మూడు రకాలు. తీగ మందం 1.0, 1.2, 1.4 మిల్లీమీటర్లు, ఆకారం ఒకటే. ఏ బిడ్డకి ఏది వాడాలన్నది మామూలుగా సర్జన్ వయసు చూసి, ఎముక గట్టిదనం చేత్తో చూసి నిర్ణయిస్తాడు. కోతలు ఎంత ఎడంగా పెడితే, ఏ తీగ వాడితే తల చివరికి ఎంత వెడల్పవుతుందో ఆపరేషన్‌కి ముందే లెక్కగట్టాలని వీళ్ల ప్రయత్నం. మా వాడికి ఆ లెక్క వేయలేదు, సర్జన్ చేత్తో చూసే పెట్టారు. తల బాగానే వచ్చింది.

పరేషాన్_పద్మారావు
అంటే లండన్‌లో కూడా చివరికి చెయ్యే. గోదారి గట్టు గెలిచాడు.

లండన్_లక్ష్మి
గెలుపు ఏంటండీ. ఆ చేతికి తప్పు జరిగే అవకాశం తగ్గించడానికే కదా వాళ్ల లెక్కలు. ఇంకో వంద మంది సర్జన్లకి ఆ చెయ్యి ఎక్కడ నుంచి వస్తుంది?

స్లైసర్_సుబ్బు
లక్ష్మి గారు నా నోట్లో మాట లాగేశారు. స్ప్రింగు కేసు మోడలింగ్‌కి అనువైనది. బలం ఎక్కడ పడుతుందో తెలుసు, ఎంతో తెలుసు, తర్వాత ఎక్స్‌రేలో స్ప్రింగు ఎంత తెరుచుకుందో కొలిచి లెక్క తప్పో ఒప్పో చూసుకోవచ్చు. తెలియనిది ఆ ఒక్క బిడ్డ ఎముక ఎంత గట్టిదన్నది. మూడు నెలల ఎముక, ఆరు నెలల ఎముక ఒకటి కాదు, ఒకే వయసు పిల్లల్లో కూడా తేడా ఉంటుంది. సీటీ చూసి మందం చెప్పగలం, వంగే గుణం అంత తేలిగ్గా చెప్పలేం.

పరేషాన్_పద్మారావు
ఒక డౌటు. సగటు పుర్రె సగటు పుర్రె అంటున్నారు, అది ఎవరి పుర్రె? ఏ దోషం లేని పిల్లలకి ఎవరు సీటీ తీస్తారు?

స్లైసర్_సుబ్బు
ఈ థ్రెడ్‌లో వచ్చిన వాటిలో ఇదే మంచి ప్రశ్న. ఎవరూ తీయరు, తీయకూడదు కూడా. రెండు దారులున్నాయి. కింద పడి దెబ్బ తగిలి సీటీకి వచ్చి, ఏమీ లేదని తేలిన పిల్లల స్కాన్లు పోగుచేయడం ఒకటి. ఎంఆర్ఐలు వాడటం రెండోది. బెర్లిన్‌లో షారిటే ఆసుపత్రి సర్జన్లు, అక్కడి త్సూజె ఇన్‌స్టిట్యూట్ గణితం వాళ్లు కలిసి ఆరోగ్యంగా ఉన్న పిల్లల ఎంఆర్ఐల నుంచి తల ఆకారానికి ఒక గణిత నమూనా చేశారు. బిడ్డ కొలతలు ఇస్తే దగ్గరగా సరిపోయే ఆకారం వస్తుంది. దాన్ని అచ్చుగా థియేటర్‌లోకి తీసుకెళ్లి ఎముకల్ని దాని మీద అమర్చారు.

మీరు అడగని ప్రశ్న కూడా అందులోనే ఉంది. జర్మనీ పిల్లల సగటు మన పిల్లలకి సరిపోతుందా? తల పొడవు వెడల్పుల నిష్పత్తి జనాన్ని బట్టి మారుతుంది. అందుకని ఆసుపత్రిలో రంగుల బొమ్మ చూపించినప్పుడు "ఎరుపు అంటే దేనితో పోలిస్తే ఎరుపు?" అని తప్పకుండా అడగండి.

కృష్ణలంక_కిట్టు
కంప్యూటర్ రాకముందు కూడా అచ్చులు ఉన్నాయి. పారిస్‌లో మార్షాక్ అనే సర్జన్ రకరకాల సైజుల్లో నుదుటి అచ్చులు చేయించుకుని, బిడ్డ తలకి సరిపోయేది పెట్టి, పుర్రె మీద ఏ భాగం ఆ వంపుకి దగ్గరగా ఉందో వెతికి అక్కడ కోసేవాడు. మా ప్రొఫెసర్ క్లాసులో చెప్పారు. కాబట్టి "చెయ్యి చాలు" అన్న పెద్దాయన డ్రాయర్‌లో కూడా ఏదో ఒక అచ్చు ఉండే ఉంటుంది. అడిగి చూడండి.

వైజాగ్_వదిన
మా తమ్ముడి కూతురికి ప్లానింగ్ చేయించారు. గైడ్లు వచ్చాయి, డేట్ ఇచ్చారు. సరిగ్గా ముందురోజు పాపకి జలుబు, జ్వరం. వాయిదా. మళ్లీ డేట్ దొరికేసరికి రెండు నెలలు దాటింది. థియేటర్‌లో గైడు పెడితే సరిగ్గా కూర్చోలేదట, తల పెరిగిపోయింది. దాన్ని పక్కన పడేసి మామూలుగానే చేశారు. ఫలితం బాగుంది, కానీ గైడు డబ్బు ఒక్క రూపాయి వెనక్కి రాలేదు. బిల్లింగ్ కౌంటర్‌లో అడిగితే "వాడాం కదమ్మా, ట్రై చేశాం" అన్నారు.

గోదారి_గట్టు
ట్రయల్ రూమ్‌లో వేసి చూసిన చొక్కాకి బిల్లు 😂

స్లైసర్_సుబ్బు
వదిన గారు చెప్పింది మా రంగంలో అందరికీ తెలిసిన తలనొప్పే. పుట్టినప్పటి నుంచి ఏడాదిలో మెదడు సుమారు రెట్టింపవుతుంది. ఆ వయసులో రెండు నెలల పాత సీటీ అంటే చాలా పాతది. సీటీకీ ఆపరేషన్‌కీ మధ్య ఎన్ని రోజులు, వాయిదా పడితే గైడు సంగతేంటి, మళ్లీ డబ్బు తీసుకుంటారా, ఇవి ముందే రాతపూర్వకంగా అడగండి.

పరేషాన్_పద్మారావు
వాయిదా పడితే మళ్లీ సీటీ తీస్తారా? చిన్న పిల్లలకి రేడియేషన్ కదా, నాకు అదే టెన్షన్.

ఫిల్మ్_బాక్స్
సీటీ టెక్నీషియన్‌ని. గైడు కోసమే మళ్లీ సీటీ అంటే గట్టిగా కారణం అడగండి. పిల్లలకి డోసు తగ్గించి తీసే ప్రోటోకాల్ వేరుగా ఉంటుంది. ఎముక ఒక్కటే చూడాలంటే ఇంకా తగ్గించొచ్చు. పెద్దవాళ్ల సెట్టింగ్‌తో లాగించేశారా లేదా అన్నది రిపోర్టుతో వచ్చే డోస్ పేజీలో ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు ఎముక నల్లగా కనిపించేలా ఎంఆర్ఐ తీసే పద్ధతి తెచ్చారు, బ్లాక్ బోన్ అంటారు. రేడియేషన్ ఉండదు, కానీ బిడ్డ ఎక్కువసేపు కదలకుండా ఉండాలి, ఆ చిత్రాల్లోంచి ఎముకని విడదీయడం కష్టం. ఆపరేషన్ తర్వాత తల ఆకారం ఎలా ఉందో చూడటానికి మాత్రం సీటీ అక్కర్లేదు, త్రీడీ ఫొటో చాలు.

మత్తు_మాస్టారు
ఇప్పటిదాకా ఎవరూ అసలు విషయానికి రాలేదు కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను. నేను మత్తు డాక్టర్ని. ఈ ఆపరేషన్లలో సర్జన్ ఆకారం చూస్తాడు, నేను రక్తం చూస్తాను.

ఈ వయసు బిడ్డ ఒంట్లో కిలోకి సుమారు 80 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. 8 కిలోల బిడ్డంటే 640. ఒక పెద్ద కూల్‌డ్రింక్ బాటిల్‌లో సగం కూడా నిండదు. ఎముక అంచుల నుంచి, తల చర్మం నుంచి కారేదంతా ఇందులోంచే పోవాలి. అందుకే రక్తం సిద్ధంగా పెట్టుకుంటాం, రక్తం కారడం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇస్తాం, ప్రతి అరగంటకీ లెక్క చూసుకుంటాం. గైడు ఉండటం వల్ల పుర్రె తెరిచి ఉంచే సమయం తగ్గితే నాకు సంతోషమే. నా దృష్టిలో ప్లానింగ్ ఉపయోగం అదే, అందం కన్నా ముందు.

గోదారి గట్టు గారి "స్క్రీన్ మీద రక్తం కారదు" మాట నిజం. కానీ అది ప్లానింగ్‌కి వ్యతిరేకంగా చెప్పే మాట కాదు. అక్కడ ఎన్నిసార్లయినా తప్పు కోత కోసి చూసుకోవచ్చు.

అయితే లక్ష రూపాయలు ఎక్కడ పెట్టాలి అని నన్ను అడిగితే, ముందు ఇవి చూడమంటాను. ఆ ఆసుపత్రిలో పసిపిల్లలకి మత్తు ఇవ్వడమే పనిగా ఉన్న డాక్టర్ ఉన్నారా? పిల్లల ఐసీయూ ఉందా, రాత్రి రెండింటికి అందులో ఎవరుంటారు? అక్కడ ఆపరేషన్ చేసే న్యూరోసర్జన్, ప్లాస్టిక్ సర్జన్ కలిసి ఏడాదికి ఎన్ని ఇలాంటి కేసులు చేస్తారు? ఇవన్నీ ఉండి ప్లానింగ్ కూడా ఉంటే చాలా మంచిది. ఇవి లేకుండా ప్లానింగ్ ఒక్కటే ఉంటే ఆ రంగుల బొమ్మ ఫ్రేమ్ కట్టించుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

కృష్ణలంక_కిట్టు
మాస్టారూ 🙏

అమృతాంజనం
చదివి వినిపించాను. "డాక్టరు బాగా చెప్పాడు, అయినా ఒత్తితే పోయేదేముంది" అన్నారు.

వేదిక_నిర్వాహకుడు
ఆవాల దిండు చర్చని "పెద్దల చిట్కాలు" విభాగానికి మార్చాను. అక్కడ ఇప్పటికే కొట్టుకుంటున్నారు.

సిద్దిపేట_సీనన్న
మాకు ఆరోగ్యశ్రీ కార్డు ఉంది. గైడ్ల ఖర్చు అందులో వస్తదా?

చిట్టితల్లి_అమ్మ
సీనన్నా, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర సర్జరీ పేరు, గైడ్ల ఖర్చు రెండూ విడివిడిగా అడుగు. ఆపరేషన్‌కి అప్రూవల్ వచ్చిందంటే గైడ్లకి కూడా వచ్చినట్టే అనుకోకు. బయటినుంచి ప్రింట్ చేయించేది ఏదైనా ఉంటే ముందే కాగితం మీద రాయించుకో.

బుజ్జిగాడి_నాన్న
అందరివీ చదివాను. ఇద్దరి దగ్గరికీ మళ్లీ వెళ్లొచ్చాం.

పెద్దాయన్ని అచ్చు గురించి అడిగితే నవ్వి, అల్యూమినియం రేకుతో చేసుకున్న వంపులు నిజంగానే తీసి చూపించారు. కిట్టు గారూ, మీరు జ్యోతిష్యం పెట్టుకోవచ్చు. మోడల్ గురించి మళ్లీ అడిగితే ఈసారి కొట్టిపారేయలేదు. "మీ వాడిది సూటి కేసు, ఒకే అతుకు. రెండు మూడు అతుకులు కలిసి పోయిన పిల్లలకి, ఒకసారి చేసి మళ్లీ చేయాల్సిన వాళ్లకి నేనూ ప్రింట్ తెప్పిస్తాను" అన్నారు. మొదటిరోజే ఈ మాట చెప్పి ఉంటే మాకు ఇంత బాధ ఉండేది కాదు.

ప్రైవేటు ఆసుపత్రిలో మాస్టారి ప్రశ్నలు అడిగాం. పిల్లల మత్తు డాక్టర్ ఉన్నారు, ఐసీయూ చూపించారు. "సగటు పుర్రె ఎవరిది" అంటే అక్కడున్న అబ్బాయి ల్యాప్‌టాప్ వైపు, సర్జన్ ఆ అబ్బాయి వైపు చూశారు. కంపెనీని కనుక్కుని చెప్తామన్నారు. ఎంత ఎక్కువ ముందుకు జరుపుతారో మాత్రం సర్జన్ స్క్రీన్ మీద తిప్పి చూపించారు. మా ఆవిడకి ఆపరేషన్ అంటే ఏమిటో అప్పుడే మొదటిసారి అర్థమైంది, సగం భయం తగ్గిందంది. దీనికి విలువ కట్టాలా వద్దా తెలియడం లేదు.

గోదారి_గట్టు
కట్టండి. ఆడాళ్ల భయం తగ్గడం లక్షకి చవకే. నా మాట వెనక్కి తీసుకోవడం లేదు గానీ, కొంచెం పక్కకి జరుపుతున్నా.

లండన్_లక్ష్మి
ఆడాళ్ల భయం ఏంటండీ, ఇక్కడ నిద్రపోని వాళ్ల లిస్టులో మొదటి పేరు నాన్నదే!

స్లైసర్_సుబ్బు
ల్యాప్‌టాప్ అబ్బాయి మీద నాకు జాలేస్తోంది, ఆ కుర్చీలో నేనూ కూర్చున్నాను. ఒక్కటి అడగండి, గైడు ఏ మెటీరియల్‌తో చేస్తారో. మామూలు పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీలంటే వంకర పోతుంది. శరీరానికి తగలడానికి అనుమతి ఉన్న రెజిన్ గానీ నైలాన్ గానీ అయ్యుండాలి. బిగించే ప్లేట్లు కరిగిపోయే రకమేనా అని కూడా అడగండి. పెరిగే పుర్రెలో మెటల్ ప్లేట్లు లోపలివైపు జరిగిపోతాయి.

ఎక్కడ చేయించినా సీటీ మొత్తం డైకామ్ ఫైళ్లుగా (మెషిన్ ఇచ్చే అసలు స్కాన్ ఫైళ్లు) మీ దగ్గర ఉంచుకోండి. అది ఉంటే, స్కాన్ మరీ పాతబడకపోతే, రెండో ఆసుపత్రి కూడా మళ్లీ స్కాన్ తీయకుండా అదే వాడుకోవచ్చు.

బుజ్జిగాడి_నాన్న
సీడీ ఇచ్చారు. తెరిస్తే జేపీజీ బొమ్మలు, పీడీఎఫ్ రిపోర్టు మాత్రమే ఉన్నాయి. రేపు రికార్డ్స్ రూమ్‌లో అడుగుతా.

ఫిల్మ్_బాక్స్
రికార్డ్స్ రూమ్‌లో కాదు, సీటీ రూమ్‌లో కన్సోల్ దగ్గరుండే టెక్నీషియన్‌ని అడగండి. "సన్న స్లైసులు, బోన్ విండో సిరీస్, డైకామ్‌లో కావాలి" అనండి. పెన్‌డ్రైవ్ కాదంటారు, ఖాళీ డీవీడీ మీరే తీసుకెళ్లండి. సన్న స్లైసులు ఎక్కువ చోటు తింటాయని కొన్నిచోట్ల కొన్నాళ్లకి చెరిపేసి మందపాటివే ఉంచుతారు. రేపటికి వాయిదా వేయకండి, నైట్ డ్యూటీ వాళ్లు ఎనిమిదింటి నుంచి ఉంటారు.